సిలికా ధూమం - పొగగొట్టం నుండి పునాదికి

ఏటి ఒడ్డున పరచుకొన్న ఇసుక, పొలం గట్టున దొరికే తెల్లని పలుగురాయి, కిటికీకి బిగించిన గాజుపలక - ఈ మూడింటిలోను ప్రధానమైన పదార్థం ఒక్కటే. అదే సిలికా. రసాయన శాస్త్రంలో దీనిని సిలికాన్ డయాక్సైడు అంటారు. భూమి పైపొరలో అత్యధికంగా ఉన్న మూలకం ఆక్సిజన్. ఆ తరువాతి స్థానం సిలికాన్‌ది. ఈ రెండింటి కలయిక వలన ఏర్పడినదే సిలికా. కనుక ఇది మనకు కొత్త పదార్థం కాదు. కాలి కింద నిత్యమూ తొక్కుతున్నదే.

ఇసుకను సున్నంతో కలిపి గోడ కడితే, ఏళ్ళు గడిచినా ఆ గోడలో ఇసుక రేణువులు దాదాపు ఇసుకగానే మిగిలి ఉంటాయి. కాని అదే సిలికాను కొలిమిలో ఆవిరిగా మార్చి, మళ్ళీ చల్లార్చి, పొగవంటి పొడిగా చేసి సున్నపు తేమలో కలిపితే, కొద్ది వారాలలోనే అది సున్నంతో కలిసి రాయివంటి పదార్థంగా మారుతుంది. పదార్థం మారలేదు, దాని స్థితి, పరిమాణం మాత్రమే మారాయి. ఆ మార్పుతోనే దాని గుణమంతా మారిపోయింది. ఒకప్పుడు ఊళ్ళమీద కమ్ముకొని జనాన్ని బాధించిన ఈ పొగ, నేడు వంతెనలకు, ఆనకట్టలకు, ఆకాశాన్నంటే భవనాలకు బలాన్నిస్తున్నది. దీనినే సిలికా ధూమం అని, మైక్రోసిలికా అని పిలుస్తున్నారు.

పుట్టుక

సిలికా ధూమాన్ని ఎవరూ ప్రత్యేకంగా తయారు చేయరు. సిలికాన్ లోహాన్ని, ఫెర్రోసిలికాన్ అనే మిశ్రలోహాన్ని తయారు చేసే కర్మాగారాలలో ఇది ఉపఉత్పత్తిగా వస్తుంది. ఫెర్రోసిలికాన్‌ను ఉక్కు పరిశ్రమలోను, సిలికాన్‌ను అల్యూమినియం మిశ్రలోహాలలోను, మరింత శుద్ధి చేసి ఎలెక్ట్రానిక్ పరికరాలలోను వాడతారు.

ఈ కర్మాగారాలలో పలుగురాళ్ళను బొగ్గు, కోకు, కొయ్యముక్కలతో కలిపి విద్యుత్కొలిమిలో వేస్తారు. కొలిమి అడుగున ఉష్ణోగ్రత సుమారు 2000 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరుతుంది. అక్కడ కార్బన్, సిలికాలోని ఆక్సిజన్‌ను గుంజుకొని సిలికాన్‌ను విడదీస్తుంది. ఒక టన్ను సిలికాన్ తయారు కావటానికి సుమారు 11,000 నుండి 13,000 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. అందుచేతనే జలవిద్యుత్తు చౌకగా దొరికే నార్వే, ఐస్లాండు, భూటాన్ వంటి దేశాలలో ఈ పరిశ్రమ వేళ్ళూనుకొన్నది.

అయితే సిలికా అంతా సిలికాన్‌గా మారదు. కొంత భాగం సగం ఆక్సిజన్‌ను మాత్రమే పోగొట్టుకొని సిలికాన్ మోనాక్సైడు అనే ఆవిరిగా పైకి లేస్తుంది. కొలిమి పైభాగంలో గాలి తగలగానే ఆ ఆవిరి పోగొట్టుకొన్న ఆక్సిజన్‌ను తిరిగి గ్రహించి మళ్ళీ సిలికాగా మారుతుంది. అప్పుడది ఎంత త్వరగా చల్లబడుతుందంటే, పరమాణువులు స్ఫటికంలో వలె వరుసగా కుదురుకొనటానికి వ్యవధి చాలదు. వరుస తప్పి, గాజులో వలె చిందరవందరగానే గడ్డకడతాయి. అందుచేత పలుగురాయి స్ఫటిక సిలికా కాగా, పొగలో వచ్చేది అస్ఫటిక సిలికా. స్ఫటికంలో పరమాణువుల బంధాలు క్రమంగా, గట్టిగా ఉంటాయి. సున్నం వాటిని సులభంగా విడదీయలేదు. అస్ఫటిక సిలికాలో ఆ క్రమం లేదు గనుక సున్నం అందులోకి చొచ్చుకొనిపోగలదు.

రేణువుల లెక్క

ఈ ధూమంలోని రేణువులు చిన్న చిన్న గోళాలు. వాటి సగటు వ్యాసం సుమారు 0.15 మైక్రాను. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. సిమెంటు రేణువు వ్యాసం సుమారు 15 మైక్రాన్లనుకొంటే, ధూమపు రేణువు వ్యాసం అందులో నూరవ వంతు. గోళపు ఘనపరిమాణం వ్యాసం యొక్క ఘనాన్ని బట్టి మారుతుంది గనుక, ఒక సిమెంటు రేణువు పట్టిన చోట పది లక్షల ధూమపు రేణువులు పడతాయి. సిమెంటు సాంద్రత 3.15 అనీ, సిలికా ధూమం సాంద్రత 2.2 అనీ తీసుకొని, సిమెంటు బరువులో 10 శాతం ధూమం కలిపితే, ఒక్కొక్క సిమెంటు రేణువు చుట్టూ దాదాపు 1,40,000 ధూమపు రేణువులు చేరతాయని విద్యార్థులే లెక్క కట్టి తెలుసుకోవచ్చు.

వస్తువును ముక్కలు చేసిన కొలదీ దాని ఉపరితల వైశాల్యం పెరుగుతుంది. ఒక గ్రాము సిలికా ధూమపు రేణువుల ఉపరితలమంతా కలిపితే 15 నుండి 30 చదరపు మీటర్లు ఉంటుంది. గ్రాముకు 20 చదరపు మీటర్లు అనుకొంటే, ఒక కిలో పొడికి 20,000 చదరపు మీటర్లు. అనగా సుమారు ఐదెకరాల పొలం. రసాయనిక చర్య ఉపరితలం మీదనే మొదలవుతుంది గనుక, కిలో పొడిలో ఐదెకరాల చర్యాక్షేత్రం ఉన్నదన్నమాట.

కాంక్రీటులో చేసే పని

సిమెంటుకు నీరు తగలగానే అందులోని కాల్షియం సిలికేట్లు నీటితో చర్య జరిపి రెండు పదార్థాలను పుట్టిస్తాయి. ఒకటి కాల్షియం సిలికేట్ హైడ్రేటు. కాంక్రీటులో జిగురుగా పనిచేసి బలాన్నిచ్చేది ఇదే. రెండవది కాల్షియం హైడ్రాక్సైడు, అనగా తడిసున్నం. గట్టిపడిన సిమెంటు ముద్దలో దాదాపు నాలుగవ లేక ఐదవ వంతు ఈ సున్నమే. ఇది బలానికి పెద్దగా తోడ్పడదు. నీటిలో కొంచెం కొంచెంగా కరుగుతుంది. ఆమ్లాలకు, సల్ఫేటులకు త్వరగా లోబడుతుంది.

సిలికా ధూమం సరిగా ఈ సున్నాన్నే పట్టుకొంటుంది. దానితో చర్య జరిపి మరికొంత కాల్షియం సిలికేట్ హైడ్రేటును పుట్టిస్తుంది. బలహీనమైన దానిని తీసుకొని బలమైన దానిని ఇస్తున్నదన్నమాట. ఇటువంటి పదార్థాలను పొజొలానాలంటారు. ఇటలీలోని పొజ్జువోలి ఊరి దగ్గర దొరికే అగ్నిపర్వతపు బూడిదను రోమనులు సున్నంలో కలిపి కట్టడాలు కట్టారు. ఆ ఊరి పేరే దీనికి వచ్చింది. మన దేశంలో పాత తాపీపనివారు సున్నంలో కలిపిన ఇటుక పొడి, అనగా సుర్ఖీ కూడ ఈ కోవకు చెందినదే. సిలికా ధూమం ఈ వంశంలో మిక్కిలి చురుకైనది.

రెండవ పని ఖాళీలను నింపటం. దీనిని తరగతిలో సులభంగా చూపవచ్చు. ఒక గాజు పాత్రను గులకరాళ్ళతో నింపి, అంచు వరకు ఎంత నీరు పడుతుందో కొలవండి. నీటిని వంపివేసి, రాళ్ళ సందులలో పొడి ఇసుకను పోసి కుదిపి, మళ్ళీ నీటిని కొలవండి. ఈసారి చాల తక్కువ నీరు పడుతుంది. కాంక్రీటులో కంకర సందులను ఇసుక నింపుతుంది. ఇసుక సందులను సిమెంటు నింపుతుంది. సిమెంటు రేణువుల సందులను నింపేవి మాత్రం ఇంతవరకు లేవు. సిలికా ధూమం ఆ చివరి ఖాళీలలోకి చేరుతుంది. ముఖ్యంగా కంకర చుట్టూ సన్నని పొరగా ఉండే బలహీన ప్రదేశం దట్టమవుతుంది. మామూలు కాంక్రీటు తరచు పగిలేది అక్కడి నుండే.

సముద్రతీరంలోని కట్టడాలకు ఇది ఎంతో అవసరమైన గుణం. ఉప్పుగాలిలోని క్లోరైడు కాంక్రీటు సూక్ష్మరంధ్రాల గుండా లోపలికి దిగి ఇనుప ఊచలను చేరుతుంది. ఊచ తుప్పు పడితే దాని పరిమాణం పెరిగి, పైనున్న కాంక్రీటును పగులగొట్టి ఊడదీస్తుంది. శ్రీకాకుళం నుండి నెల్లూరు దాకా మన తీరప్రాంతపు ఇళ్ళలో స్లాబు పెచ్చులూడి ఎర్రని ఊచలు బయటపడటం చాలమంది చూచే ఉంటారు. సిలికా ధూమం కలిపిన కాంక్రీటులో రంధ్రాలు ఒకదానితో ఒకటి కలవకుండా మూసుకొనిపోవటంచేత క్లోరైడు ప్రయాణం ఎంతో మందగిస్తుంది.

పాతికేళ్ళ నిరీక్షణ

1950ల ప్రారంభంలోనే నార్వేలోని ట్రాండ్‌హైం సాంకేతిక విద్యాసంస్థలో ఈ ధూమాన్ని సిమెంటులో కలిపి పరీక్షించారు. సల్ఫేటులతో నిండిన ఆస్లో నగరపు భూగర్భంలో కొన్ని కాంక్రీటు దిమ్మెలను పెట్టి విడిచారు. 20 సంవత్సరాల పిమ్మట చూస్తే, 15 శాతం ధూమం కలిపిన దిమ్మెలు, సల్ఫేటును తట్టుకొనటానికే ప్రత్యేకంగా చేసిన సిమెంటు దిమ్మెలతో సమానంగా నిలిచాయి. అయినా 1970ల దాకా ఈ పదార్థం వాడుకలోకి రాలేదు. కారణాలు రెండు.

మొదటిది, పొగను పట్టేవారు లేరు. కర్మాగారాలు దానిని గాలిలోకి వదిలివేసేవి. వాతావరణ కాలుష్యంపై నార్వే ప్రభుత్వం కట్టుదిట్టాలు చేసిన తరువాతనే, పెద్ద పెద్ద గుడ్డసంచుల వడపోతలు పెట్టి పొగలోని పొడిని ఆపటం మొదలైంది. అప్పుడు గుట్టలుగా పేరుకొన్న పొడిని ఏమి చేయాలనే ప్రశ్న పుట్టింది. రెండవది నీటి సమస్య. అంత విశాలమైన ఉపరితలం తడవాలంటే చాల నీరు కావాలి. నీరు ఎక్కువైతే కాంక్రీటు బలం తగ్గుతుంది. 1960లలో జపాన్‌లోను, పశ్చిమ జర్మనీలోను సూపర్ ప్లాస్టిసైజర్లనే రసాయనాలు తయారయ్యాయి. ఇవి రేణువులను ఒకదానికొకటి అంటుకొనకుండా విడదీసి, కొద్ది నీటితోనే ముద్దను జారుగా చేస్తాయి. పొగను పట్టే వడపోత, నీటిని తగ్గించే రసాయనం - ఈ రెండూ కలిసిన తరువాతనే సిలికా ధూమానికి దశ తిరిగింది.

ముల్లును ముల్లుతో తీసిన ఐస్లాండు

ఐస్లాండు అగ్నిపర్వతాల దేశం. అక్కడి కంకరలో సులభంగా చర్య జరిపే సిలికా ఉన్నది. అక్కడి సిమెంటులో సోడియం, పొటాసియం క్షారాలు ఎక్కువ. పైగా సముద్రం అడుగు నుండి తోడిన ఇసుకను వాడేవారు. క్షారాలు కంకరలోని సిలికాతో చర్య జరిపినప్పుడు ఒక విధమైన జిగురు ఏర్పడి, నీటిని పీల్చి ఉబ్బి, కాంక్రీటును లోపలి నుండి పగులగొడుతుంది. 1970లలో రెయిక్యవిక్ నగరంలోని ఇళ్ళ గోడలు ఈ విధంగా పగుళ్ళు విచ్చటం గమనించారు.

1979లో ఆ దేశంలో ఫెర్రోసిలికాన్ కర్మాగారం ప్రారంభమైంది. అదే సంవత్సరం నుండి అక్రనెస్ ఊరిలోని సిమెంటు కర్మాగారం తన సిమెంటులో సిలికా ధూమాన్ని కలపసాగింది. సముద్రపు ఇసుకను కడిగి వాడాలనే నియమం కూడ వచ్చింది. ఆ తరువాత కట్టిన ఇళ్ళలో ఈ వ్యాధి కనబడలేదు. ఆ సిమెంటు కర్మాగారం ఇప్పుడు లేదు గాని, అది నేర్పిన పాఠం మిగిలింది.

ఇక్కడ విద్యార్థికి ఒక సందేహం రావాలి. సిలికా వలన వచ్చిన చేటుకు మళ్ళీ సిలికాయే మందు ఎట్లా అయింది? ముల్లును ముల్లుతోనే తీసినట్లు అయింది. కంకరలోని సిలికా గట్టిపడిన కాంక్రీటులో ఆలస్యంగా, ఒకచోట గుమిగూడి చర్య జరుపుతుంది. అందుచేత ఉబ్బు వచ్చి పగులుతుంది. ధూమంలోని సిలికా కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే, ముద్ద అంతటా పరచుకొని క్షారాలను పట్టివేస్తుంది. కంకరకు హాని చేయటానికి క్షారం మిగలదు.

కట్టడాలలో కొన్ని ఉదాహరణలు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో కింజువా ఆనకట్ట ఉన్నది. దూకే నీటి ఉరవడిని తగ్గించటానికి ఆనకట్ట కింద కట్టిన తొట్టిలో రాళ్ళు సుడులు తిరిగి నేలను రోటివలె తొలిచివేశాయి. 1970లలో ఉక్కు నూలుపోగులు కలిపిన కాంక్రీటుతో బాగుచేస్తే అదీ అరిగిపోయింది. 1983లో సిలికా ధూమపు కాంక్రీటు వేశారు. 28 రోజులకు దాని బలం దాదాపు 90 మెగాపాస్కళ్ళకు చేరింది. మామూలు ఇళ్ళకు వాడే కాంక్రీటు బలం 20 లేక 25 మెగాపాస్కళ్ళు మాత్రమే.

దుబాయిలో 2010లో పూర్తయిన 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా భవనం కింద భూగర్భజలం సముద్రపు నీటికంటె ఉప్పన. అందుచేత పునాది స్తంభాల కాంక్రీటులో 25 శాతం బొగ్గు బూడిదను, 7 శాతం సిలికా ధూమాన్ని కలిపారు. మన దేశంలో కర్ణాటకలోని కైగా అణువిద్యుత్ కేంద్రపు లోపలి గుమ్మటం నిర్మాణంలో ఉండగా 1994లో దాని అడుగు భాగం ఊడిపడింది. ఆ పిమ్మట రూపకల్పనను మార్చి, సిలికా ధూమం కలిపిన 60 మెగాపాస్కళ్ళ కాంక్రీటును వాడారు. మన ప్రమాణ నియమావళి 2000లో వెలువడిన కూర్పులో, ఈ ధూమాన్ని సాధారణంగా సిమెంటులో 5 నుండి 10 శాతం వరకు వాడతారని పేర్కొన్నది. 2003లో సిలికా ధూమానికే ప్రత్యేకంగా ప్రమాణం వచ్చింది. అందులో కనీసం 85 శాతం సిలికా ఉండాలి.

సొరంగాలలో కాంక్రీటును గొట్టం ద్వారా గోడలమీదికి చిమ్ముతారు. మామూలు ముద్దలో చాల భాగం తాకి కింద రాలిపోతుంది. సిలికా ధూమం కలిపితే ముద్ద జిగటగా ఉండి గోడను అంటిపెట్టుకొంటుంది. సరకు వృథా తగ్గుతుంది.

ఇతర పరిశ్రమలు

ఉక్కు పరిశ్రమలో సుమారు 1600 డిగ్రీల వేడిగల ద్రవాన్ని పట్టే పాత్రలకు లోపల నిప్పుకు ఓర్చే పూత ఉండాలి. ఈ పూతలలో వాడే సిమెంటులోని సున్నం ఎక్కువైతే అధిక ఉష్ణోగ్రతలో పూత మెత్తబడుతుంది. సిలికా ధూమం ఖాళీలను నింపి ముద్దను జారుగా చేయటంచేత సిమెంటును బాగా తగ్గించవచ్చు. పైగా వేడిలో అది అల్యూమినాతో కలిసి ముల్లైటు అనే వేడికి తట్టుకొనే ఖనిజంగా మారుతుంది.

చమురు బావిలో దింపిన ఉక్కు గొట్టానికీ, చుట్టూ ఉన్న రాతికీ మధ్య సిమెంటు పోస్తారు. ఆ సిమెంటు ముద్ద బరువెక్కువైతే బలహీనమైన రాతి పొరలు చీలుతాయి. పలుచనైతే గ్యాసు పైకి ఎగదన్నుతుంది. సిలికా ధూమం ఎక్కువ నీటిని పట్టి ఉంచగలదు గనుక ముద్ద తేలికగా ఉంటూనే గ్యాసును అడ్డగిస్తుంది. ఇవిగాక సిమెంటు రేకులలోను, రబ్బరు, ప్లాస్టిక్ వస్తువులలో పూరకంగాను దీనిని వాడుతున్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. రంగులలోను, మందుబిళ్ళలలోను వాడే ఫ్యూమ్డ్ సిలికా వేరు. దానిని సిలికాన్ టెట్రాక్లోరైడును హైడ్రోజన్ మంటలో కాల్చి ప్రత్యేకంగా తయారు చేస్తారు. అది మరింత సూక్ష్మమైనది, స్వచ్ఛమైనది, ఖరీదైనది. పేర్లు దగ్గరగా ఉండటంచేత రెండింటినీ ఒకటిగా భ్రమపడకూడదు.

జాగ్రత్తలు

సిలికా ధూమం మంత్రపుపొడి కాదు. మామూలు కాంక్రీటు పోసిన తరువాత కొంత నీరు పైకి తేలి, ఉపరితలం ఎండిపోకుండా కాపాడుతుంది. ధూమం కలిపిన కాంక్రీటులో నీరు పైకి తేలదు. ఎండలో, వడగాలిలో పోస్తే గంటల వ్యవధిలోనే పైన పగుళ్ళు విచ్చుతాయి. ఎంతో ఖర్చుపెట్టి దట్టంగా చేసిన కాంక్రీటులోకి ఆ పగుళ్ళ గుండా ఉప్పునీరు దిగితే చేసిన శ్రమంతా వ్యర్థం. కనుక మన వేసవిలో సాయంకాలం పోయటం, వెంటనే సన్నని నీటి తుంపరలు చల్లటం, తడిగోనెలు కప్పి రోజుల తరబడి తడుపుతూ ఉండటం తప్పనిసరి. పొడి ఉండలు కట్టకుండా బాగా కలపాలి. కలవని ఉండ కంకరలోని చెడ్డ సిలికావలె ఉబ్బి పగులగొట్టగలదు.

పలుగురాళ్ళను పగులగొట్టే చోట లేచే స్ఫటిక సిలికా ధూళి ఊపిరితిత్తులకు సిలికోసిస్ వ్యాధిని తెస్తుంది. సిలికా ధూమం అస్ఫటికం గనుక ఆ ప్రమాదం చాల తక్కువ. అయినా ఇంత సన్నని ధూళిని పీల్చటం మంచిది కాదు. సంచులు విప్పే పనివారికి ముక్కుకు, నోటికి తగిన తొడుగు ఉండవలసిందే.

ఊక బూడిద

ప్రపంచంలో ఏటా తయారయ్యే సిమెంటు దాదాపు 400 కోట్ల టన్నులు. సిలికా ధూమం అందులో వెయ్యవ వంతు కూడ లేదు; సిమెంటుకంటె ఎన్నో రెట్లు ఖరీదు. కనుక దీనిని ప్రతి ఇంటికీ వాడలేము. నిజంగా అవసరమైన చోటనే వాడాలి. మరి మిగిలిన వారి మాటేమిటి?

సమాధానంలో కొంత భాగం మన బియ్యపు మిల్లులలోనే ఉన్నది. వరి మొక్క నేల నుండి సిలికాను పీల్చి గింజ పొట్టులో దాచుకొంటుంది. ఒక టన్ను ధాన్యం ఆడిస్తే సుమారు 200 కిలోల ఊక వస్తుంది. దానిని కాల్చితే సుమారు 40 కిలోల బూడిద మిగులుతుంది. అందులో నూటికి 85 నుండి 95 పాళ్ళు సిలికాయే. 600-700 డిగ్రీల సెంటిగ్రేడుకు మించకుండా కాల్చితే అది అస్ఫటికంగా ఉండి, మెత్తగా విసిరితే సిలికా ధూమానికి దగ్గరగా పనిచేస్తుంది. వేడి మించితే స్ఫటికంగా మారి చురుకుదనం పోతుంది. ఈ సంగతిని 1970లలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పి. కె. మెహతా విపులంగా పరిశోధించారు. అందుచేత మిల్లు వెనుక గుట్టగా పోసి తగులబెట్టిన బూడిద అంతా పనికిరాదు. వేడిని అదుపులో ఉంచి కాల్చిన బూడిదయే పనికివస్తుంది. కాలువలలోను, రోడ్ల పక్కను పారబోసి, గాలికి ఎగిరి కళ్ళలో పడుతున్న ఊక బూడిద, ఒకప్పుడు నార్వే ఊళ్ళమీద కమ్ముకొన్న పొగవంటిదే. ఆ పొగను మొదట ఆపి, పిమ్మట పరీక్షించి, చివరకు ఉపయోగంలోకి తెచ్చారు. మన బూడిద విషయంలో కూడ క్రమం అదే కావాలి.